జెట్టీ ఖర్చు తలకు ఎంత?

2025 ఏప్రిల్ 30న కేమన్ దీవుల్లో సార్వత్రిక ఎన్నికలు జరిగాయి. అభ్యర్థులను ఎన్నుకోవడంతో పాటు ఓటర్లు మూడు ప్రశ్నలకు అవుననో కాదనో చెప్పాలి. జాతీయ లాటరీ పెట్టాలా, కొద్దిపాటి గంజాయి దగ్గరుంచుకున్నవాళ్లను నేరస్థులుగా చూడటం మానాలా, క్రూజ్ ఓడల కోసం జెట్టీలు కట్టాలా? జెట్టీల సంగతికి వచ్చేసరికి ఓటేసినవాళ్లలో పదింట ఆరుగురికి పైగా వద్దన్నారు.

పర్యాటకులతో కళకళలాడే దీవి జెట్టీలను వద్దనుకోవడం చూసి బయటివాళ్లు ఆశ్చర్యపోయారు. పగడాల మీద ప్రేమతో అన్నారని కొందరు, అభివృద్ధి గిట్టక అన్నారని కొందరు తేల్చేశారు. రెండూ తొందరపాటు మాటలే. ఈ గొడవ పదేళ్లకు పైగా సాగింది. మొదటి నుంచీ దాన్ని నడిపించింది అంకెలే, ముఖ్యంగా ఏ అంకెను దేనితో భాగించి చూడాలన్న తగువు.

జమైకాకు వాయవ్యంగా, క్యూబాకు దక్షిణంగా ఉన్న మూడు దీవులివి. బ్రిటన్ పాలన కింద ఉంటాయి. ప్రధాని, శాసనసభ స్థానికంగానే ఉన్నా, రాజు తరఫున గవర్నరు వస్తాడు. పెద్ద దీవి గ్రాండ్ కేమన్ పొడవు 35 కిలోమీటర్లు, విస్తీర్ణం 196 చదరపు కిలోమీటర్లు. 2021 జనగణనలో మూడు దీవుల్లోనూ కలిపి తేలిన జనం 71 వేల పైచిలుకు. ఆదాయపు పన్ను లేదు కాబట్టి బ్యాంకులు, పెట్టుబడి సంస్థలు ఇక్కడ బోలెడు. రెండో జీవనాధారం పర్యాటకం.

2006లో ఓడల మీద వచ్చినవాళ్లు 19.3 లక్షల మంది. 2018లో 19.2 లక్షలు, 2019లో 18.3 లక్షలు. అదే 2019లో విమానంలో దిగి హోటళ్లలో బస చేసినవాళ్లు 5 లక్షల పైచిలుకు. అంటే బస చేసేవాళ్లు ఒక్కరుంటే ఓడవాళ్లు ముగ్గురూ మరో సగం. స్థానిక జనాభాతో భాగిస్తే ఊళ్లో ఒక్కో మనిషికి ఏడాదికి పాతిక మందికి పైగా ఓడ ప్రయాణికులు.

ఇంతమంది దిగుతున్నది జెట్టీ లేని రేవులో. రాజధాని జార్జ్‌టౌన్ ఎదుట ఓడలు నీళ్లలోనే లంగరు వేస్తాయి. ఒడ్డు నుంచి టెండర్ బోట్లు వెళ్లి ఓడ పక్కన చేరి, జనాన్ని ఎక్కించుకుని తెచ్చి దించుతాయి. సాయంత్రం మళ్లీ ఎక్కించుకుపోతాయి. చలికాలంలో వాయవ్యపు గాలి ఎత్తుకుంటే జార్జ్‌టౌన్ వైపు నీళ్లు అల్లకల్లోలమవుతాయి. అప్పుడు ఓడలను దీవికి దక్షిణాన స్పాట్స్ అనే చోటికి మళ్లిస్తారు, అక్కడా కుదరకపోతే ఓడ ఆగకుండానే వెళ్లిపోతుంది. ఆ రోజు టాక్సీవాడికి బోణీ ఉండదు.

బోటు పద్ధతి ఎక్కడ మొరాయిస్తుందో తెలియాలంటే చిన్న లెక్క వేసుకోవాలి. ఒక బోటులో 200 మంది పడతారనీ, ఓడకున్న ఒక్క ద్వారం దగ్గర బోటు నిండి కదలడానికి పది నిమిషాలు పడుతుందనీ అనుకుందాం. 3,000 మంది ఓడకైతే 15 ట్రిప్పులు, రెండున్నర గంటలు. 6,000 మంది ఓడకు 30 ట్రిప్పులు, 5 గంటలు. ఓడ రేవులో ఉండేదే ఎనిమిది గంటలైతే, చివరి బోటు ఎక్కినవాడు ఊళ్లో కాలు పెట్టేసరికి మొదటి బోటు ఎక్కినవాడు తిరుగు వరసలో నిలబడి ఉంటాడు. ద్వారాలు రెండు చేసినా ఒడ్డున రద్దీ తగ్గదు. బయట నలభై నిమిషాలు ఎండలో నిలబడ్డ ప్రయాణికుడు వెళ్లేటప్పుడు రాసే అభిప్రాయంలో బీచి అందం కంటే ఆ వరసే ఎక్కువ చోటు తీసుకుంటుంది.

ఓడలు పెరిగిన తీరు చూస్తే జెట్టీ పక్షం వాదన బలం అర్థమవుతుంది. రాయల్ కరీబియన్ సంస్థ 2009లో దించిన ఓయాసిస్ ఓడ 2 లక్షల 25 వేల టన్నేజీ దాటింది. 2024 జనవరిలో వచ్చిన ఐకాన్ ఆఫ్ ది సీస్ టన్నేజీ 2,48,663. పొడవు 365 మీటర్లు, నిండితే 7,600 మంది ప్రయాణికులు, మీదుమిక్కిలి 2,350 మంది సిబ్బంది. ఆ సిబ్బందే చిన్న దీవి కేమన్ బ్రాక్ జనాభాకు రమారమి సమానం. ఈ తరగతి ఓడలు బోట్ల మీద జనాన్ని దించవు, జెట్టీ ఉన్న ఊరికే వెళతాయి. పాత, చిన్న ఓడలు ఒక్కొక్కటీ సేవ విరమించుకుంటుంటే, వాటి స్థానంలో వచ్చే కొత్తవి జార్జ్‌టౌన్ వైపు చూడవు. 2023లో కేమన్‌కు ఓడల మీద వచ్చినవాళ్లు 12.7 లక్షలు, 2024లో సుమారు 11 లక్షలు. జెట్టీ కావాలన్న అప్పటి పర్యాటక మంత్రి కెన్నెత్ బ్రయన్ వంటివాళ్లు ఈ తరుగునే చూపించారు. ఊరికే భయపెట్టడం కాదది, టూరు బస్సు అప్పు మీద కొన్నవాడికి ఆ అంకెల్లో నెలవారీ కిస్తీ కనిపిస్తుంది.

ఇక అసలు ఖర్చు. 2019 జులైలో ప్రభుత్వం వెర్డాంట్ ఐల్ పోర్ట్ పార్ట్‌నర్స్ అనే కూటమిని ఎంపిక చేసింది. అందులో కార్నివాల్, రాయల్ కరీబియన్ అనే రెండు క్రూజ్ సంస్థలతో పాటు మెక్‌ఆల్పైన్, ఓరియన్ మెరైన్ అనే నిర్మాణ సంస్థలు ఉన్నాయి. రెండు జెట్టీలు, నాలుగు ఓడలు ఆగే చోటు, పక్కనే సరకు రేవు విస్తరణ. ఖర్చు సుమారు 24 కోట్ల అమెరికన్ డాలర్లు, అప్పటి మారకంలో 1,700 కోట్ల రూపాయలకు దగ్గర. కట్టేదీ, పెట్టుబడి పెట్టేదీ, 25 ఏళ్లు చూసుకునేదీ కూటమే. ప్రజల ఖజానా నుంచి పైసా పెట్టక్కర్లేదు, ప్రయాణికుల మీద వచ్చే రుసుము నుంచే తీరుతుందన్నారు.

పైసా పెట్టక్కర్లేదన్న మాట వినగానే కాగితం, పెన్సిలు తీయడం మంచిది. 24 కోట్ల డాలర్లను 25 ఏళ్లకు పంచితే ఏడాదికి 96 లక్షలు. ఏటా 18 లక్షల మంది వస్తే తలకు 5 డాలర్ల 33 సెంట్లు. భారమనిపించదు. కానీ డబ్బు ఎవరూ ఊరికే ఇవ్వరు. ఒప్పందంలో వడ్డీ ఎంతో పక్కనపెట్టి, మన లెక్క కోసం 6 శాతం అనుకుని సమాన వాయిదాల్లో తీర్చాలంటే ఏడాదికి కట్టాల్సింది దాదాపు 1 కోటి 88 లక్షల డాలర్లు. 18.3 లక్షల మందితో భాగిస్తే తలకు పది డాలర్ల పైచిలుకు. 2024లో లాగా 11 లక్షల మందే వస్తే 17 డాలర్లు. వాయిదా తగ్గదు, తగ్గేది తలలే. మొదటి లెక్కకూ మూడో లెక్కకూ మధ్య మూడింతలకు పైగా తేడా. జెట్టీ అదే, సిమెంటు అదే.

జెట్టీ కట్టిస్తే తలలు తగ్గవు, పెరుగుతాయి కదా అన్నది అటువైపు జవాబు. నిజమే కావచ్చు. అయితే ఓడ ఎక్కడ ఆగాలో తేల్చేది ఆ ఓడ యజమాని. 25 ఏళ్ల వ్యవహారంలో ఓడలు నడిపేవాడు, జెట్టీ కట్టేవాడు, రుసుము నుంచి సొమ్ము రాబట్టుకునేవాడు ఒకే కూటమిలో ఉంటే, దీవి తరఫున బేరమాడే చోటు ఎంత మిగులుతుంది? నా మట్టుకు నాకు పగడాల కంటే ముందు కనిపించిన చిక్కు ఇదే. దీని మీద జరగాల్సినంత చర్చ జరగలేదు.

తల లెక్కలో ఇంకో కిటుకు ఉంది. తలలన్నీ ఒకటి కావు. ఫ్లోరిడా కరీబియన్ క్రూజ్ సంఘం చేయించిన 2017–18 సర్వేలో, ఆ ప్రాంతపు 36 రేవుల సగటు చూస్తే ఓడ దిగిన ప్రయాణికుడు ఒక్కో ఊళ్లో పెట్టిన ఖర్చు 101 డాలర్ల చిల్లర. సర్వే చేయించింది ఓడల సంఘమే కాబట్టి ఈ అంకె తక్కువ చేసి చెప్పినది కాదనుకోవచ్చు. అందులో గడియారాలు, నగలు, టూర్లు అన్నీ ఉన్నాయి. ఓడలోనే అమ్మే టూరు టికెట్‌లో ఓడవాళ్ల వాటా పోగా స్థానికుడికి చేరేది మిగతాది. విమానంలో వచ్చినవాడి సంగతి వేరు. కేమన్‌లో హోటలు గది అద్దె మీద ప్రభుత్వం 13 శాతం పన్ను వసూలు చేస్తుంది. రాత్రికి 300 డాలర్ల గదిలో ఆరు రాత్రులుంటే పన్ను ఒక్కటే 234 డాలర్లు. భోజనం, డైవింగు, అద్దె కారు, బారు బిల్లు వేరే. ఆ ఒక్క గది పన్నే ఇద్దరు ఓడ ప్రయాణికుల మొత్తం ఖర్చును దాటిపోతుంది.

అందుకని ఓడవాళ్లు అక్కర్లేదని కాదు. టాక్సీలు, స్టింగ్‌రే సిటీ అనే చోటికి తీసుకెళ్లే పడవలు, రేవు ఎదుటి రమ్ కేకుల దుకాణాలు బతికేది వాళ్ల మీదే. సెవెన్ మైల్ బీచిలో పెద్ద హోటళ్ల లాభం వీళ్ల జేబుల్లోకి రాదు. జెట్టీ కోరినవాళ్లలో ఎక్కువమంది ఈ వర్గంవాళ్లే, వాళ్లను ఓడ కంపెనీల భజనపరులని కొట్టిపారేయడం అన్యాయం. టెండర్ బోట్లు నడిపేవాళ్ల ఉపాధి మాత్రం జెట్టీతో పోయేదే. ఎటు చూసినా ఎవరో ఒకరి పొట్ట మీదికి వస్తుంది.

మరో వైపు, నాలుగు పెద్ద ఓడలు ఒకే రోజు వస్తే ఉదయం తొమ్మిదికల్లా పదిహేను, ఇరవై వేల మంది ఒక్క చిన్న రేవు వీధిలో దిగుతారు. రోజూ తిరునాళ్లే అన్నమాట. గది అద్దెకు వందలు పోసి ప్రశాంతత కోసం వచ్చినవాడు అదే రోజు అదే బీచిలో గొడుగు కోసం తగవులాడాల్సి వస్తే మరుసటి ఏడు ఇంకో దీవి చూసుకుంటాడు. ఎక్కువ తలలు తక్కువ సొమ్ము తెచ్చే స్థితి ఎప్పుడొస్తుందో చెప్పడానికి సూత్రం లేదు, ఆ భయం మాత్రం హోటళ్లవాళ్లకు ఉంది.

ఇప్పుడు నీళ్ల కింద. గ్రాండ్ కేమన్ చుట్టూ సముద్రపు అడుగు కొద్ది దూరమే తక్కువ లోతుతో సాగి, ఆ తర్వాత గోడ కట్టినట్టు దిగిపోతుంది. కొంత దూరం పోతే కేమన్ అగడ్త, అక్కడ లోతు ఏడున్నర కిలోమీటర్లు దాటుతుంది. ఆ గోడకూ ఒడ్డుకూ మధ్య సన్నని పట్టీలోనే పగడాలు, జెట్టీకి కావాల్సిన చోటు, లంగరు వేసే చోటు అన్నీ ఇరుక్కుని ఉన్నాయి. 2015లో వచ్చిన పర్యావరణ ప్రభావ నివేదిక, అప్పటి నమూనా ప్రకారం కడితే 15 ఎకరాల పగడపు దిబ్బ నేరుగా పోతుందనీ, పూడిక తవ్వకంతో లేచే బురద వల్ల మరో 15 నుంచి 20 ఎకరాలకు ముప్పనీ చెప్పింది. తర్వాత ప్రభుత్వం జెట్టీలను లోతు వైపు జరిపి నష్టం తగ్గిస్తామంది. దిబ్బ కట్టే గుండు పగడం ఏడాదికి సెంటీమీటరు ఎదిగితే గొప్ప. మీటరు ఎత్తు గుండు వెనుక వందేళ్లుంటాయి. పగడాలను ఏరి వేరేచోట నాటుతామన్న హామీని ఈ లెక్కతో తూచి చూసుకోవాలి.

ఒడ్డు నుంచి ఈదుకుంటూ పోయేంత దూరంలోనే రెండు పాత ఓడల శిథిలాలున్నాయి. బల్బోవా 1932 తుపానులో మునిగింది. కాలీ కథ మరీ విచిత్రం. అది బియ్యం మోసుకొస్తున్న ఓడ. నీళ్లు కారడంతో గింజలు నాని ఉబ్బి, ఓడ పక్కల అతుకులు విడిపోయాయని అక్కడి డైవింగువాళ్లు చెబుతారు. ఇప్పుడు ఆ ఇనుప ముక్కల సందుల్లో చేపలు తిరుగుతుంటాయి, నోటికి గొట్టం పెట్టుకున్న పర్యాటకులు పైనుంచి చూస్తుంటారు. టికెట్ లేని ఈ వినోదం జెట్టీ నీడలోకి వచ్చేదే. ఈడెన్ రాక్, డెవిల్స్ గ్రాటో అనే ప్రసిద్ధ డైవింగు చోట్లు కూడా దగ్గర్లోనే.

అయితే ఇప్పటి పద్ధతి పగడాలకు మేలు చేస్తోందనుకుంటే పొరపాటే. గ్రాండ్ కేమన్ దగ్గర ఒక్క క్రూజ్ ఓడ ఒక్క రోజు వేసిన లంగరు, దాని గొలుసు కలిసి మూడు వేల చదరపు మీటర్లకు పైగా దిబ్బను నలిపేసినట్టు 1988లో అచ్చయిన ఒక పరిశోధన లెక్కగట్టింది. అంటే ముప్పాతిక ఎకరం పైమాటే. జెట్టీ కట్టకపోతే నష్టం సున్నా అని ఎవరైనా అంటే ఈ అంకె గుర్తుచేయాలి. 2020లో పగడాల కణజాలాన్ని తినేసే జబ్బు కూడా ఇక్కడికి చేరింది, దానికి జెట్టీతో పని లేదు.

అంకెల పోరు పోలింగు కేంద్రం దాకా ఎలా వెళ్లిందన్నది ఈ కథలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం. కేమన్ రాజ్యాంగం 2009 నాటిది. అందులోని 70వ సెక్షన్ ప్రకారం నమోదైన ఓటర్లలో నాలుగో వంతు మంది సంతకాలు చేస్తే, ప్రభుత్వం ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా ప్రజాభిప్రాయ సేకరణ జరపాల్సిందే. 2018 సెప్టెంబరులో కొందరు పౌరులు ‘క్రూజ్ పోర్ట్ రెఫరెండం’ పేరుతో సంతకాలు మొదలుపెట్టారు. కావాల్సినవి 5,289. పెద్ద దేశంలో అది ఒక వార్డు, ఇక్కడ దేశపు ఓటర్లలో పావు వంతు. పైగా ప్రభుత్వోద్యోగులూ, ప్రభుత్వ కాంట్రాక్టులున్నవాళ్లూ అందరూ అందరికీ తెలిసిన ఊరు. కాగితం మీద పేరు రాస్తే రేపు ఎవరేమంటారోనన్న జంకు. ఎన్నికల కార్యాలయం సంతకందారులను ఒక్కొక్కరినీ కలిసి నిజమేనా అని నిర్ధారించుకుంది. 2019 సెప్టెంబరుకల్లా గీత దాటింది. 70వ సెక్షన్ కింద ఇలా గీత దాటిన మొదటి అర్జీ ఇదే.

అక్కడ మరో భాగహారం ఎదురైంది. ఇలాంటి ఓటు ప్రభుత్వాన్ని కట్టడి చేయాలంటే, పోలైన ఓట్లలో సగం చాలదు, నమోదైన మొత్తం ఓటర్లలో సగానికి పైగా కావాలి. ఇంట్లో కూర్చున్నవాడి ఓటు కూడా ప్రభుత్వం ఖాతాలోకే పోతుందన్నమాట. దీని చేదు దీవివాళ్లు అంతకుముందే చూశారు. 2012 జులైలో ‘ఒక మనిషికి ఒకే ఓటు’ అన్న అంశం మీద జరిగిన అభిప్రాయ సేకరణలో అవునన్నవాళ్లు 5,631, కాదన్నవాళ్లు 3,001. పోలైనదాంట్లో 65 శాతం అవుననే. కానీ నమోదైన ఓటర్లు 15 వేల పైచిలుకు. వాళ్లతో భాగిస్తే 37 శాతమే, కాబట్టి వీగిపోయింది. 65 శాతం వచ్చినా ఓడిపోవడమంటే ఇదే.

2019 డిసెంబరు 19న ఓటింగని ప్రభుత్వం తేదీ ఖరారు చేసింది. క్రిస్మస్‌కు వారం ముందు, జనం సెలవుల మీద ఉండే రోజుల్లో ఏమిటని వ్యతిరేకులు మండిపడ్డారు. పై నిబంధన ప్రకారం గైర్హాజరు ఎవరికి లాభమో తెలిసిందే కదా. కోర్టు కేసుతో ఓటింగు ఆగింది. 2020 ఫిబ్రవరిలో గ్రాండ్ కోర్టు, ఈ ఓటు కోసం చేసిన చట్టం రాజ్యాంగంలోని 70వ సెక్షన్‌కు సరిపోదని తీర్పిచ్చింది. ప్రభుత్వం అప్పీలుకు వెళ్లింది. ఇంతలో మార్చి వచ్చింది, కోవిడ్ వచ్చింది, దీవి తలుపులు మూసుకుంది. 2022 మార్చి దాకా, అంటే రెండేళ్లు, ఒక్క క్రూజ్ ఓడ రాలేదు. జెట్టీ పథకాన్ని ప్రభుత్వమే అటకెక్కించింది.

ఆ రెండేళ్లు దీవికి అనుకోకుండా దొరికిన ప్రయోగం. టాక్సీలు, టూరు పడవలవాళ్లు చితికిపోయారు, ప్రభుత్వ భృతి మీద ఈదారు. దేశం మొత్తంగా మాత్రం దివాలా తీయలేదు. బ్యాంకింగు నడిచింది, ఇళ్ల నిర్మాణం నడిచింది. ఓడలు ఎవరికి అవసరం, ఎవరికి కాదు అన్నది అంకెల పట్టికలో కంటే స్పష్టంగా వీధిలో కనిపించింది. 2025 ఓటు వెనక ఈ అనుభవం ఉందని నా అనుమానం. పైగా 2025 ప్రశ్న అడిగిన తీరు చూడండి. కేమన్ దీవులు క్రూజ్ ఓడలు ఆగే సౌకర్యాలు అభివృద్ధి చేయాలా, అంతే. ఎక్కడ, ఎంత ఖర్చుతో, ఎవరి డబ్బుతో, ఎన్ని ఓడలకు అన్న ముక్క లేదు. ధర చెప్పకుండా కొంటావా అని అడిగితే ఎవరైనా వద్దనే అంటారు.

ఇరుగుపొరుగు ఏం చేశారు? బహామాస్ రాజధాని నాసౌ వేరే దారి పట్టింది. గ్లోబల్ పోర్ట్స్ హోల్డింగ్ అనే సంస్థకు 25 ఏళ్లకు రేవు అప్పగించి, 30 కోట్ల డాలర్లతో తిరగకట్టించి 2023లో తెరిచారు. 2024లో 56 లక్షల మంది దిగారు. యాజమాన్యంలో ఆ సంస్థకు 49 శాతం, స్థానికులు వాటాలు కొనుక్కునే నిధికి 49 శాతం, యువత కోసం పెట్టిన ఒక ఫౌండేషన్‌కు 2 శాతం. వెర్డాంట్ ఐల్ పథకంలో ఓడల యజమానులే పెట్టుబడిదారులు, నాసౌలో సామాన్యుడు కూడా వాటాదారు. కానీ నాసౌ ఫ్లోరిడాకు ఒక్క రాత్రి దూరం, మూడు రోజుల యాత్రలు చాలావరకు అక్కడ ఆగుతాయి. ఆ భౌగోళిక అదృష్టాన్ని కేమన్ కొనుక్కోలేదు. జమైకాలో ఫాల్మత్ ఇంకో పాఠం. 2011లో రాయల్ కరీబియన్ భాగస్వామ్యంతో ఓయాసిస్ స్థాయి ఓడలకు రేవు కట్టారు. ఓడలు వచ్చాయి. కంచె లోపల దుకాణాలు నిండాయి, జనం అటు నుంచి అటే బస్సులెక్కి జలపాతాలకు పోయారు. కంచె బయట పాత ఊళ్లో అనుకున్నంత వ్యాపారం కనిపించలేదన్న ఫిర్యాదు ఏళ్ల తరబడి వినిపించింది.

ఇంకో అంకె. కేమన్‌లో జెట్టీ కట్టడానికి రాయల్ కరీబియన్ ముందుకొచ్చిన 2019లోనే, ఆ సంస్థ బహామాస్‌లో కోకోకే అనే దీవిని 25 కోట్ల డాలర్లతో తీర్చిదిద్ది తెరిచింది. కార్నివాల్ 2025 జులైలో గ్రాండ్ బహామాలో సెలబ్రేషన్ కీ అనే సొంత బీచిని 60 కోట్ల డాలర్లతో ప్రారంభించింది. సొంత బీచిలో ప్రయాణికుడు తాగే ప్రతి కొబ్బరి నీళ్లూ, ఎక్కే ప్రతి జారుడుబండా ఓడ కంపెనీ ఖాతాకే. ఒక వారం యాత్రలో ఆగే ఊళ్లు మూడో నాలుగో. అందులో ఒకటి కంపెనీ సొంత బీచి అయితే, మిగిలిన చోట్ల కోసం మెక్సికోలోని కోజుమెల్, జమైకా, హోండురాస్, కేమన్ పోటీ పడాలి. జెట్టీ ఉన్నా సరే.

ప్రస్తుతానికి జార్జ్‌టౌన్ ఎదుట లంగర్లు పడుతూనే ఉన్నాయి, బోట్లు తిరుగుతూనే ఉన్నాయి. ఎన్నికల తర్వాత ఆండ్రే ఈబ్యాంక్స్ ప్రధానిగా కొత్త ప్రభుత్వం వచ్చింది. ఐకాన్ తరగతిలో రెండో ఓడ స్టార్ ఆఫ్ ది సీస్ 2025 ఆగస్టులో ఫ్లోరిడా నుంచి ప్రయాణాలు మొదలుపెట్టింది. దాని తొలి యాత్రల ఊళ్లలో కోజుమెల్ ఉంది, హోండురాస్‌లోని రోఅటాన్ ఉంది. గ్రాండ్ కేమన్ లేదు.